ఆ రెండు సెంటీమీటర్ల అంచు

భీమవరంలో పుట్టి అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావు ఆధ్వర్యంలో లెడర్లీ ప్రయోగశాల అమినోప్టెరిన్ అనే మందును తయారు చేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త కేన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి చూశారు. 1948లో ఆయన ప్రచురించిన వ్యాసంలో 16 మంది పిల్లల వివరాలున్నాయి. వాళ్లలో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. అంతవరకూ ఆ జబ్బు వచ్చిన పిల్లల కోసం వైద్యులు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ఆ వెనకే అదే జాతికి చెందిన మెథోట్రెక్సేట్ వచ్చింది. సుబ్బారావు ఆ ఏడాది ఆగస్టులోనే కన్నుమూశారు. ఆ మందులు ఎంతదూరం వెళ్లాయో ఆయన చూడలేదు.

తర్వాతి ఏళ్లలో ఒక మందుకు మరో మందు తోడైంది. పిల్లల రక్తం శుభ్రపడేది, ఎముక మూలుగ శుభ్రపడేది, ఇంటికి పంపేవారు. కొన్నాళ్లకు తలనొప్పి, వాంతులతో చాలామంది మళ్లీ వచ్చేవారు. రక్తంలో చూస్తే ఏమీ కనిపించదు. నడుము దగ్గర సూది గుచ్చి వెన్నునీరు తీసి చూస్తే అందులో కేన్సర్ కణాలు ఉండేవి. ఒళ్లంతా తిరిగిన మందు మెదడు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. అది చేరని చోట ఆ కణాలు బతికాయి, పెరిగాయి.

1960ల్లో మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో డొనాల్డ్ పింకెల్ బృందం దీనికి ఒక దారి వేసింది. తలకు రేడియేషన్ ఇచ్చి, మెథోట్రెక్సేట్‌ను నేరుగా వెన్నునీటిలోకే ఎక్కించారు. సగం మంది పిల్లలు నయమయ్యే రోజులు అలా వచ్చాయి. మన ఊళ్ల కేన్సర్ ఆసుపత్రుల్లో ఈనాటికీ రక్త కేన్సర్ పిల్లలకు నడుములో సూదితో ఆ మందు ఇస్తున్నారంటే కారణం ఇదే. అయితే ఈ దారి మెదడు చుట్టూ ఉన్న పొరలకూ నీటికీ సరిపోతుంది. వెన్నునీటిలో పోసిన మందు అక్కడి నుంచి మెదడు కణజాలంలోకి ఇంకేది కొద్ది మిల్లీమీటర్లే. కణితి లోతుగా ఉంటే అక్కడికి చేరాల్సింది రక్తనాళాల గుండానే. అక్కడ నిలబడి అడ్డుకునేదే రక్త-మెదడు అవరోధం.

దాని ఆచూకీ మొదట దొరికింది రంగుల వల్ల. జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ 1880ల్లో జంతువుల రక్తంలోకి రంగులు ఎక్కించినప్పుడు అవయవాలన్నీ రంగు పట్టాయి, మెదడు మాత్రం తెల్లగానే మిగిలింది. మెదడుకు రంగును పట్టుకునే గుణం తక్కువేమో అనుకున్నారాయన. ఆయన శిష్యుడు ఎడ్విన్ గోల్డ్‌మన్ 1913లో ప్రయోగాన్ని తిరగేశారు. ట్రైపాన్ బ్లూ అనే రంగును రక్తంలో కాకుండా మెదడు నీటిలో కలిపారు. ఈసారి మెదడు నీలమైంది, ఒళ్లు మాత్రం అవలేదు. రంగు పట్టే గుణం మెదడుకు లేకపోవడం కాదు, రెంటి మధ్య ఏదో అడ్డు ఉందని తేలింది.

ఆ అడ్డుకు 1921లో ఇప్పటి పేరు పెట్టినవారిలో లీనా స్టెర్న్ ఒకరు. ఈమె గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యమైనా ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. జెనీవా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయిన తొలి మహిళ. తర్వాత మాస్కో వెళ్లి 1939లో సోవియట్ సైన్స్ అకాడమీకి పూర్తి సభ్యురాలైన తొలి మహిళ అయ్యారు. క్షయ మెదడు పొరలకు పాకిన పిల్లలకు స్ట్రెప్టోమైసిన్ రక్తంలో ఇచ్చి లాభం లేదనీ, మెదడు నీటిలోకే ఎక్కించాలనీ పట్టుబట్టారు. ఆ మందు దేశంలో దొరకని రోజుల్లో అమెరికాలో ఉన్న తమ్ముడి ద్వారా తెప్పించుకున్నారు. స్టాలిన్ ప్రభుత్వం 1949లో ఆమెను అరెస్టు చేసింది. యూదు ఫాసిస్టు వ్యతిరేక కమిటీ మీద నడిపిన ఆ కేసులో నిందితులు 15 మంది. 1952లో 13 మందిని కాల్చి చంపారు, ఒకరు జైల్లో చనిపోయారు. ప్రాణాలతో బయటపడింది స్టెర్న్ ఒక్కరే. ప్రవాస శిక్ష ముగించుకుని తిరిగొచ్చాక ఆమె మళ్లీ ప్రయోగశాలకే వెళ్లారు.

అవరోధం అసలు ఎక్కడుందో కంటికి కనిపించడానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు రావాల్సి వచ్చింది. 1967లో హార్వర్డ్‌లో థామస్ రీస్, మోరిస్ కార్నోవ్‌స్కీ చిట్టెలుకల రక్తంలోకి ఒక ఎంజైమును ఎక్కించి అది ఎక్కడ ఆగుతుందో చూశారు. కేశనాళిక లోపలి గోడలో పక్కపక్కన ఉన్న కణాల మధ్య అది నిలిచిపోయింది. ఒంట్లో మిగతా చోట్ల ఈ కణాల మధ్య సన్నని సందులుంటాయి. మెదడులో మాత్రం డబుల్ కుట్టు వేసిన గుడ్డ అంచుల్లా రెండు కణాల త్వచాలు ఒకదానికొకటి బిగిసి ఉంటాయి. వీటినే టైట్ జంక్షన్లు అంటారు. ఆ బిగింపులో క్లాడిన్-5 అనే ప్రోటీన్‌ది పెద్ద పాత్ర. ఆ ప్రోటీన్ లేకుండా పుట్టించిన చిట్టెలుకలు పుట్టిన కొద్ది గంటలకే చనిపోయాయి.

మెదడులోని కేశనాళికలన్నీ ఒకదాని వెంట ఒకటి పరిస్తే దాదాపు 600 కిలోమీటర్లు. ఇంత పొడవునా రక్తం ప్రతి కణానికీ అతి దగ్గరగా పారుతూనే ఉంటుంది. దూరం అసలు సమస్యే కాదన్నమాట. చిన్నవై, కొవ్వులో కరిగే అణువులు త్వచం గుండా లోపలికి జారిపోతాయి. గ్లూకోజు, అమైనో ఆమ్లాల వంటి అవసరమైన సరుకుకు ప్రత్యేక ప్రోటీన్ల రవాణా ఉంది. పార్కిన్సన్స్ రోగులకు డోపమైన్ ఇవ్వకుండా ఎల్-డోపా ఇవ్వడం అందుకే. డోపమైన్ దాటలేదు. ఎల్-డోపా అమైనో ఆమ్లాల బండి ఎక్కి దాటుతుంది, లోపలికి వెళ్లాక డోపమైన్‌గా మారుతుంది. కొన్ని మందులు త్వచంలోకి దూరినా పీ-గ్లైకోప్రోటీన్ అనే పంపు వాటిని పట్టి తిరిగి రక్తంలోకి తోసేస్తుంది. విరేచనాలకు వాడే లోపరమైడ్ నల్లమందు జాతిదే. అయినా మత్తు ఎక్కకపోవడానికి కారణం ఈ పంపు. అలర్జీకి వేసుకునే అవిల్ మాత్రకు నిద్ర ముంచుకొస్తుంది, సెట్రిజిన్‌కు అంతగా రాదు. అక్కడా తేడా ఏది మెదడులోకి ఎంత వెళ్తుందన్నదే.

చిన్న అణువులతో చేసిన మందుల్లో సుమారు 98 శాతం ఈ అవరోధాన్ని దాటలేవని విలియం పార్డ్‌రిజ్ అనే శాస్త్రవేత్త అంచనా. యాంటీబాడీల వంటి పెద్ద అణువుల సంగతి చెప్పనే అక్కర్లేదు. దీన్ని శత్రువుగా చూడటం తప్పు. మనం తిన్న ప్రతి ముద్దతో, చేసిన ప్రతి వ్యాయామంతో రక్తంలో పొటాషియం, గ్లూటమేట్ హెచ్చుతగ్గులవుతుంటాయి. అవి నాడీకణాల దాకా పోతే మెదడు పని చేయదు. ఈ అవరోధం జీవితాంతం మనల్ని కాపాడుతుంది. కాబట్టి దాన్ని పడగొట్టకూడదు. కావలసిన చోట మాత్రమే, కావలసినంత సేపు మాత్రమే సడలించాలి. ఈ రెండు షరతులూ ఒకేసారి నెరవేర్చడం దగ్గరే ఇన్నేళ్లూ చిక్కు.

ఆ చిక్కు అన్నిటికంటే ఘోరంగా కనిపించేది గ్లియోబ్లాస్టోమాలో. పెద్దవాళ్లకు మెదడులోనే పుట్టే కేన్సర్లలో ఇది అత్యంత క్రూరమైనది. 2005లో వెలువడిన పెద్ద పరీక్షలో రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవారి మధ్యగత ఆయుర్దాయం 12.1 నెలలు, దానికి టెమొజొలొమైడ్ మాత్ర కలిపితే 14.6 నెలలు. ఆ రెండున్నర నెలలే అప్పటికి గొప్ప విజయం. నేటికీ ప్రపంచమంతా ప్రామాణిక చికిత్స అదే. టెమొజొలొమైడ్‌ను ఎంచుకోవడానికి ఒక కారణం అది చాలా చిన్న అణువు కావడం, కొంతైనా అవరోధం దాటగలగడం. మిగతా కేన్సర్ల మీద అంతకంటే బలంగా పనిచేసే ఎన్నో మందులు మెదడు దగ్గర అక్కరకు రావు.

ఇక్కడ ఒక విషయం కాస్త నిదానంగా చూడాలి. కణితి నడిబొడ్డులో పుట్టే కొత్త రక్తనాళాలు నాసిరకానివి, అక్కడ అవరోధం ముందే చిరిగి ఉంటుంది. ఎంఆర్ఐ తీసేటప్పుడు నరంలోకి ఎక్కించే గడోలినియం ద్రవం ఆరోగ్యంగా ఉన్న మెదడులోకి వెళ్లలేదు, ఈ చిరిగిన చోట మాత్రం బయటికి కారుతుంది. ఫిల్మ్ మీద తెల్లగా మెరిసేది అదే. సర్జన్ ఆ మెరిసే భాగాన్నంతా తీసేసినా కేన్సర్ కణాలు కొన్ని అప్పటికే చుట్టుపక్కల మంచి మెదడులోకి పాకి ఉంటాయి. అక్కడి నాళాలు దృఢంగా ఉంటాయి, అవరోధం చెక్కుచెదరదు. గడోలినియం వెళ్లదు కాబట్టి అవి ఫిల్మ్‌లో కనిపించవు. అదే కారణంగా మందు కూడా వాటిని అందుకోలేదు. గ్లియోబ్లాస్టోమా తిరిగి వచ్చినప్పుడు అత్యధిక సందర్భాల్లో మొదటి కణితి అంచు నుంచి రెండు సెంటీమీటర్ల లోపే వస్తుంది. రోగి ప్రాణం ఆధారపడి ఉన్నది ఆ రెండు సెంటీమీటర్ల అంచు మీద.

మెదడులో పెద్ద భాగమంతటా అవరోధాన్ని సడలించే పద్ధతి 1970ల నుంచే ఉంది. చిక్కని మానిటాల్ ద్రావణాన్ని మెడలోని కెరోటిడ్ ధమనిలోకి వేగంగా ఎక్కిస్తే నాళాల గోడ కణాలు నీరు కోల్పోయి ముడుచుకుంటాయి, జంక్షన్లు వదులవుతాయి. అమెరికాలో ఒరెగాన్‌లో ఎడ్వర్డ్ న్యూవెల్ట్ బృందం ఇలా తెరిచి మెదడు లింఫోమా రోగులకు మెథోట్రెక్సేట్ ఇచ్చింది. రోగికి పూర్తి మత్తు ఇవ్వాలి, మూర్ఛలు రావచ్చు, కేన్సర్ లేని భాగం కూడా తెరుచుకుంటుంది. 2001లో కుల్లెర్వో హినినెన్ బృందం సూక్ష్మ బుడగలనూ కేంద్రీకరించిన అల్ట్రాసౌండ్‌నూ కలిపి కోరిన చోట అవరోధాన్ని తెరవొచ్చని కుందేళ్లలో చూపింది. ఈ పద్ధతి ఇప్పటికే మనుషుల మీద పరీక్షల దాకా వచ్చింది. కపాలం తెరవకుండా చేయగలగడం దాని పెద్ద బలం. క్షణకాలం పాటు ఇచ్చే విద్యుత్ పల్సులతో అవరోధాన్ని సడలించే పద్ధతి మరొకటి ఉంది. అది అల్ట్రాసౌండ్ కంటే వెనకబడి ఉంది, ఇది ముందే చెప్పాలి. అయినా దానికి ఉన్న ఒక గుణం అల్ట్రాసౌండ్‌కు లేదు. అందుకే ఈ వ్యాసం.

జీవకణం త్వచం మందం సుమారు 5 నానోమీటర్లు. లోపలికీ బయటికీ మధ్య మామూలుగా ఉండే వోల్టేజి వోల్టులో పదో వంతు కూడా ఉండదు. బయట నుంచి విద్యుత్ క్షేత్రం పెడితే అది త్వచం దగ్గర పోగుపడుతుంది. 20 మైక్రాన్ల వ్యాసం ఉన్న గుండ్రని కణాన్ని సెంటీమీటరుకు 1000 వోల్టుల క్షేత్రంలో ఉంచితే త్వచానికి అటూ ఇటూ సుమారు 1.5 వోల్టులు ఏర్పడతాయి. గోడ గడియారంలోని బ్యాటరీ ఇచ్చే వోల్టేజి అది. కానీ అది పడేది 5 నానోమీటర్ల మందం మీద. ఒక్క వోల్టు పడినా అక్కడి క్షేత్రం సెంటీమీటరుకు 20 లక్షల వోల్టులకు సమానం. పొడి గాలిలో నిప్పురవ్వ పుట్టడానికి చాలిన క్షేత్రానికి ఇది 60 రెట్లకు పైమాటే. ఆ ఒత్తిడికి త్వచంలోని కొవ్వు అణువులు పక్కకు తిరుగుతాయి, నీటితో నిండిన నానోమీటరు స్థాయి రంధ్రాలు ఏర్పడతాయి. పల్స్ ఆగాక, నష్టం హద్దు దాటకపోతే, త్వచం తనంతట తాను మూసుకుంటుంది. హద్దు దాటితే కణం చనిపోతుంది. దీని పేరు ఎలక్ట్రోపొరేషన్.

1982లో జర్మనీలో ఎబర్‌హార్డ్ న్యూమన్ బృందం ఇలా చేసిన రంధ్రాల గుండా చిట్టెలుక కణాల్లోకి జన్యువును పంపింది. కొన్నేళ్లకు పారిస్ శివార్లలోని గుస్తావ్ రూసీ కేన్సర్ సంస్థలో లూయీ మీర్ బృందం బ్లియోమైసిన్ అనే మందు మీద దృష్టి పెట్టింది. కణంలోకి వెళ్తే డీఎన్ఏను తునకలు చేసే మందు అది, మామూలుగా లోపలికి వెళ్లలేకపోవడమే దాని బలహీనత. పల్సులు తోడైతే దాని ప్రభావం కొన్ని వందల రెట్లు పెరిగింది. చర్మం మీదా చర్మం కిందా వచ్చే కణితులకు ఎలక్ట్రోకీమోథెరపీ పేరుతో 2006 నుంచి యూరప్‌లో ప్రామాణిక పద్ధతి ఉంది. ఒక్కొక్కటి 100 మైక్రోసెకన్లుండే ఎనిమిది పల్సులు ఇస్తారు. అన్నీ కలిపినా సెకనులో వెయ్యో వంతు కూడా కాదు.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. విద్యుత్తు, మెదడు అనే రెండు మాటలు పక్కపక్కన వినగానే మన ఇళ్లలో షాక్ ట్రీట్‌మెంట్ గుర్తొస్తుంది. దానికీ దీనికీ సంబంధం లేదు. 1938లో రోమ్‌లో మొదలైన ఆ చికిత్సలో తల బయటి నుంచి కరెంటు పంపి, కావాలనే మూర్ఛ తెప్పిస్తారు. తీవ్రమైన కుంగుబాటుకు మత్తు ఇచ్చి చేసే ఆ చికిత్స విలువ దానికుంది. ఇక్కడ సన్నని ఎలక్ట్రోడ్ సూదుల్ని కపాలానికి చేసిన చిన్న రంధ్రం గుండా కణితిలోకి దించుతారు. మూర్ఛ రాకుండా చూసుకోవడం ఇందులో తొలి జాగ్రత్త.

2005లో రఫాయెల్ డవలోస్, లూయీ మీర్, బోరిస్ రుబిన్‌స్కీ ముగ్గురూ కలిసి ఒక ప్రశ్న వేశారు. మందు లేకుండా, వేడి పుట్టకుండా, పల్సులతోనే కణితిని చంపొచ్చా? లెక్కలు వీలవుతుందని చెప్పాయి. తర్వాత డవలోస్ వర్జీనియా టెక్‌లో పశువైద్యులతో కలిసి దాన్ని మెదడుకు తీసుకెళ్లారు. పెంపుడు కుక్కల్లో, ముఖ్యంగా బాక్సర్, బుల్‌డాగ్ జాతుల్లో, మనుషుల్లో లాగే సహజంగా గ్లియోమాలు అనే మెదడు కణితులు వస్తాయి. బతికే ఆశ పెద్దగా లేని ఆ కుక్కల చికిత్స నుంచి వచ్చిన పాఠాలు ఈ రంగానికి చాలా విలువైనవి.

ఆ ప్రయోగాల్లో బయటపడిన సంగతే అసలు కథ. సూదుల పక్కన క్షేత్రం బలంగా ఉంటుంది, దూరం పెరిగే కొద్దీ తగ్గుతుంది. బలంగా ఉన్న చోట కణాలు చనిపోతాయి. దాని చుట్టూ, క్షేత్రం బలహీనపడిన వలయంలో, కణాలు బతికే ఉంటాయి కానీ అవరోధం సడలుతుంది. 2012లో ఇజ్రాయెల్ పరిశోధకులు రుబిన్‌స్కీతో కలిసి ఎలుకల మెదళ్లను ఎంఆర్ఐతో చూసినప్పుడు, చనిపోయిన ప్రాంతానికి బాగా వెలుపల దాకా గడోలినియం కారడం కనిపించింది. ఒకే సూది, ఒకే చికిత్సలో నడిమి కణితిని చంపుతుంది, చుట్టూ ఉన్న అంచులోకి మందుకు దారి ఇస్తుంది. సర్జన్ కత్తికి అందని, ఎంఆర్ఐకి కనిపించని, మందుకు చిక్కని కణాలు ఉండేది సరిగ్గా ఆ అంచులోనే. మెదడు కేన్సర్ గురించి చదివిన వాటిలో ఇంత చక్కగా సమస్య ఆకారానికి పరిష్కారం ఆకారం సరిపోయిన సందర్భం నాకు మరొకటి కనిపించలేదు.

అంత బలహీన క్షేత్రంలో అవరోధం ఎలా సడలుతుందన్నది ఇంకా పరిశోధనలో ఉన్న విషయం. నాళాల గోడ కణాల్లో రంధ్రాలు పడటం ఒక్కటే కారణం కాదని తెలుస్తోంది. ఆ కణాల లోపలి అస్థిపంజరం లాంటి ప్రోటీన్ తంతువులు దెబ్బతిని, వాటిని పట్టుకుని నిలబడ్డ టైట్ జంక్షన్లు వదులవుతాయని ప్రయోగాలు చెబుతున్నాయి. త్వచంలో రంధ్రాలు కొద్ది నిమిషాల్లో పూడుకుంటే, జంక్షన్లు తిరిగి బిగియడానికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. మందు ఇచ్చే వైద్యుడికి ఈ జాప్యం మేలు చేస్తుంది.

చిక్కులు చాలానే ఉన్నాయి. పొడవైన పల్సులకు నరాలు స్పందిస్తాయి, ఒళ్లంతా కుదుపు వస్తుంది. అందుకే రోగికి మత్తుతో పాటు కండరాలు సడలించే మందూ ఇవ్వాలి. దీన్ని తగ్గించడానికి డవలోస్ బృందం పల్సును కొద్ది మైక్రోసెకన్ల ముక్కలుగా చేసి, ఒకటి ధనాత్మకం, తర్వాతిది రుణాత్మకం అయ్యేలా మార్చింది. నరం స్పందించే లోపే దిశ తిరగబడుతుంది కాబట్టి కుదుపు బాగా తగ్గింది. 2024లో ఏపీఎల్ బయోఇంజనీరింగ్ పత్రికలో అదే బృందం మరో అడుగు ప్రకటించింది. నిట్టనిలువుగా లేచి పడే చతురస్ర పల్సుల బదులు నున్నగా లేచి దిగే సైన్ తరంగాలను ఎలుకల మెదడు మీద వాడి చూశారు. కణజాలానికి నష్టం తగ్గింది, అవరోధం సడలిన మేర పెరిగింది. కుదుపు మాత్రం చతురస్ర పల్సులకంటే ఎక్కువైంది. పౌనఃపున్యమూ ఇతర కొలతలూ సవరిస్తే దాన్ని తగ్గించవచ్చని వారి ఆశ. అవి కణితి లేని ఎలుకలు. కణితి ఉన్న జంతువుల్లో ఇదే ఫలితం వస్తుందో లేదో చూడటం తర్వాతి మెట్టు.

క్షేత్రం ఎక్కడ ఎంత ఉందో ముందే లెక్కకట్టడం కూడా తేలిక కాదు. కణితి, తెల్ల పదార్థం, మెదడు నీరు, ఒక్కోదాని గుండా కరెంటు ఒక్కోలా పారుతుంది. పల్సులు పడే కొద్దీ రంధ్రాల వల్ల కణజాలం వాహకత మారుతుంది, దాంతో మళ్లీ క్షేత్రం మారుతుంది. అందుకే రోగి ఎంఆర్ఐ మీద కంప్యూటర్ నమూనా గీసి సూదులు ఎక్కడ దించాలో నిర్ణయించాలి. పల్సుల సంఖ్య పెరిగితే వేడి పుడుతుంది, వాపు వస్తుంది. ఇంకో మాట, సడలిన చోట మందుతో పాటు రక్తంలోని ఆల్బుమిన్ కూడా కారుతుంది. నాడీ కణజాలంలోకి ఆల్బుమిన్ వెళ్తే మంట పుట్టి మూర్ఛలకు దారి తీయవచ్చు. ఇక లోపలికి చేరిన మందు కేన్సర్ కణాన్నే చంపి, దాని పక్కనే ఉన్న నాడీకణాన్ని వదిలేస్తుందన్న హామీ లేదు. ఇన్నాళ్లూ అవరోధం అడ్డుకుంది కాబట్టి ఎన్నో కీమో మందులు మెదడుకు ఎంత హాని చేస్తాయో చూసే అవసరమే రాలేదు. ఆ లెక్క ఇప్పుడు మొదటి నుంచీ తేల్చాలి.

మెదడు కణితి ఉన్న మనిషి ఇంట్లో ఇలాంటి వార్త ఎంత ఆశ రేపుతుందో ఊహించగలను. అందుకే స్పష్టంగా రాస్తున్నాను: మనుషుల మెదడు అవరోధాన్ని పల్సులతో తెరిచి మందు ఇవ్వడం నేడు ఏ ఆసుపత్రిలోనూ సాధారణ చికిత్స కాదు. నెత్తి మీద టోపీలా పెట్టుకునే తక్కువ బలం గల విద్యుత్ క్షేత్రాల పరికరం ఒకటి గ్లియోబ్లాస్టోమాకు అమెరికాలో 2011 నుంచి అనుమతితో ఉంది. అది కణ విభజనను అడ్డుకోవడానికి ఉద్దేశించినది, దాని దారి వేరు.

ఇప్పుడు పరిశోధకులు తేల్చుకోవాల్సిన వాటిలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది సమయం సంగతి. చర్మ కణితుల్లో బ్లియోమైసిన్‌ను నరంలోకి ఎక్కించాక 8 నుంచి 28 నిమిషాల మధ్య పల్సులు ఇవ్వాలని నియమం ఉంది, ఎందుకంటే త్వచం తెరిచి ఉండేది కొద్దిసేపే. మెదడులో జంక్షన్లు గంటల తరబడి వదులుగా ఉంటాయి కాబట్టి మందును పల్సులకు ముందు ఇవ్వొచ్చు, తర్వాతా ఇవ్వొచ్చు, బహుశా ఒకే తెరుపులో రెండు విడతలూ ఇవ్వొచ్చు. ఏ మందు రక్తంలో ఎంతసేపు నిలుస్తుంది, వలయం బయటి అంచున కణజాలం గ్రాముకు ఎంత మందు చేరుతుంది, అంత మందు అక్కడి కణాన్ని చంపడానికి సరిపోతుందా? కణితి ఉన్న జంతువుల్లో ఈ కొలతలు ఒక్కొక్క మందుకూ విడివిడిగా తీయాలి.